అమ్మ షుగరు, పెద్దోడి షుగరు

మా అమ్మకు ఇరవై ఏళ్లు షుగరు. ఆఖరి సంవత్సరాల్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ నేనే చేసేదాన్ని. అందుకని ఆ జబ్బు నాకు కొట్టిన పిండి అనుకున్నాను. ఆ ధీమాతోనే ఒక మూగజీవి ప్రాణం మీదికి తెచ్చాను. నన్నెవరూ నిలదీయలేదు. నిలదీయడానికి దానికి నోరు లేదు. అందుకే ఇదంతా నాకు నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

అమ్మ వానాకాలంలో పోయింది. నేను డుంబ్రిగుడలో ఆశ్రమ పాఠశాల టీచర్ని. చుట్టూ కొండలు, కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు. సెలవు రోజుల్లో చాపరాయి జలపాతం దగ్గర టూరిస్టుల సందడి ఉంటుంది. తక్కిన రోజుల్లో బడి వదిలాక ఊరు త్వరగా సద్దుమణుగుతుంది. సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి నా చెయ్యి దానంతటదే ఫ్రిజ్ తలుపు మీదికి వెళ్లేది. లోపల అమ్మ మందు సీసా ఉండేది కాదు. అలాంటి రోజుల్లోనే విశాఖలోని ఒక సంరక్షణ కేంద్రం వాళ్లు పెట్టిన ఫొటో ఫోన్‌లో చూశాను. పదేళ్లు దాటిన మగపిల్లి. ఏడు కిలోల పైచిలుకు బరువు. షుగరు ఉంది, రోజుకు రెండు ఇంజక్షన్లు కావాలి అని రాశారు. ఎవరైనా వెనకడుగు వేసే మాట అది. నేను మాత్రం ఆ మాట చూసే ముందుకెళ్లాను. నిజం ఒప్పుకోవాలంటే, నేను వెతుక్కున్నది పిల్లిని కాదు, పోయిన ఆ సాయంత్రం ఆరున్నర పనిని.

హైదరాబాదులో అక్కినేని అమల 1992లో బ్లూ క్రాస్ మొదలుపెట్టారు. విశాఖలోనూ 1990ల నుంచే మూగజీవాల కోసం సంస్థలు పని చేస్తున్నాయి. ఇన్నేళ్లలో కుక్కపిల్లని, పిల్లికూనని ఇంటికి తెచ్చుకోవడం మన ఊళ్లలోనూ అలవాటైంది. ముసలి పిల్లిని, అందులోనూ జబ్బు పిల్లిని తీసుకెళ్లేవాళ్లు మాత్రం అరుదు. ఆ కేంద్రంలో పనిచేసే అమ్మాయి నన్ను చూసి సంతోషపడలేదు, భయపడింది. "పన్నెండు గంటల తేడాతో రెండు పూటలా చెయ్యాలి మేడమ్. అన్నం తినకుండా ఇంజక్షన్ చెయ్యకూడదు. మీది ఏజెన్సీ ఊరు కదా, కుదురుతుందా?" అంది. "మా అమ్మకు నేనే చేశానమ్మా" అన్నాను. డాక్టరుగారు కాగితం మీద మందు, మోతాదు, సిరంజీ రకం, ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్నీ రాస్తుంటే ఆయనకూ అదే మాట చెప్పాను. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. అందులోని నాలుగు పంక్తులూ ఆ రోజే శ్రద్ధగా చదివి ఉంటే ఇవాళ ఇది రాసుకోవాల్సిన పని ఉండేది కాదు.

కేంద్రంలో వాణ్ణి పెద్దోడు అని పిలిచేవారు. పెంచిన పెద్దాయన పోతే, పిల్లలు పరాయి దేశంలో ఉండి, వీణ్ణి అక్కడ వదిలారట. అపార్ట్‌మెంట్‌లో పాలన్నం, బిస్కెట్లు తిని పెరిగిన ఒళ్లు. ఘాట్ రోడ్డు పొడుగునా బుట్టలో గుర్రుమంటూనే వచ్చాడు. ఇంటికొచ్చాక నడక చూశాను. వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి, ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. పిల్లులు వేళ్ల మీద నడుస్తాయి. షుగరు ముదిరి నరాలు దెబ్బతింటే అలా మడమల మీదికి దిగిపోతాయి. అమ్మ అరికాళ్లు తిమ్మిరెక్కి చెప్పులు జారిపోయినా తెలుసుకోలేకపోయేది. ఆ పోలిక చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అక్కడితో నా బుద్ధి పూర్తిగా అమ్మ వైపు తిరిగిపోయింది. ఇక పిల్లిని పిల్లిగా చూడటం మానేశాను.

అమ్మకు డాక్టర్లు వరి అన్నం తగ్గించమన్నాక చోడి (రాగి) అంబలికి మారింది. మా దగ్గర చోళ్లకు కొదవలేదు. కొండవాలు పొలాల్లో పండుతాయి, సంతలో కుంచాలతో కొలిచి అమ్ముతారు. అమ్మకు మేలు చేసింది వీడికీ చేస్తుందని అంబలి కాచి, చల్లార్చి, గిన్నెలో పోశాను. వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. పాలు కలిపాను. పైనున్న పాలు నాకి, అడుగున చోడి వదిలేశాడు. మర్నాడు పాలు బాగా కలిపి చిక్కగా చేశాను. తిన్నాడు. చెవి అంచు మీద సూది గుచ్చి మీటరులో చూస్తే నాలుగు వందలు దాటింది. పాలు మానేశాను. అంతటితో వాడు తినడమే మానేశాడు. ఒళ్లు తగ్గాలి కదా, నాలుగు రోజులు కడుపు మాడితే మంచిదే అనుకున్నాను.

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. లావు పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే, ఒంట్లోని కొవ్వంతా కరిగి ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. కాలేయం ఆ బరువు మొయ్యలేక చెడిపోతుంది. కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి, చాలాసార్లు ప్రాణం పోతుంది. మనిషి ఏకాదశి ఉపవాసం ఉన్నట్టు పిల్లి ఉండలేదు. దాని బరువు వారానికి ఒక శాతం, మహా అయితే రెండు శాతం మించి తగ్గకూడదు. ఏడు కిలోల పిల్లికి వారానికి డెబ్బై గ్రాములు తగ్గితే చాలు. ఇవన్నీ ఆ మడిచిన కాగితంలోనే ఉన్నాయి.

నన్ను ఆపింది పక్కింటి ముసలమ్మ. నేను ఆవిణ్ణి మామ్మా అంటాను. కట్టెలు తెచ్చుకుని వెళ్తూ మా గడప దగ్గర ఆగి, ముట్టని అంబలి గిన్నె చూసింది. "పిల్లికి అంబలేటమ్మా టీచరమ్మా? పులి జాతి కాదేటి అది? ముక్క పెట్టు" అంది. సాయంత్రానికి తనే కోడి మాంసం నాలుగు ముక్కలు ఆకులో చుట్టి తెచ్చింది. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించి పెడితే పెద్దోడు కళ్లు మూసుకుని తిన్నాడు. మామ్మ ఏ పుస్తకమూ చదవలేదు. మేకలనీ కోళ్లనీ పిల్లుల్నీ ఏళ్ల తరబడి చూసింది, అంతే.

ఆమె అన్నదాని వెనక శాస్త్రమంతా ఉంది. పిల్లి మాంసాహారం మీదే బతికేలా పుట్టిన జంతువు. పిండిపదార్థం ఎక్కువగా వచ్చినప్పుడు దాన్ని సర్దుకునే ఎంజైము మన కాలేయంలో ఉన్నంతగా దాని కాలేయంలో లేదు. టారిన్ అనే పదార్థాన్ని మన ఒళ్లు తయారుచేసుకుంటుంది. పిల్లి దాన్ని చాలినంత తయారుచేసుకోలేదు, మాంసం నుంచే తీసుకోవాలి. అది లేకపోతే కళ్లు పోతాయి, గుండె కండరం పలచబడుతుంది. గుండె సంగతి 1987లోనే తేల్చారు. బరువెక్కిన పిల్లికి షుగరు వచ్చే ముప్పు మామూలు పిల్లికన్నా దాదాపు నాలుగు రెట్లు. అందులోనూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన, వయసు మీరిన, ఇల్లు కదలని మగపిల్లులకు మరీ ఎక్కువ. ఈ జబ్బు మనుషుల టైప్ 2 షుగరుకు చాలా దగ్గరగా ఉంటుంది. నేను మోసపోయింది ఆ దగ్గరితనం దగ్గరే. జబ్బు ఒకలాంటిదే, అది పట్టిన ఒళ్లు వేరు.

అయినా నాకు బుద్ధి రాలేదు. అసలు పొరపాటు ఇంకా ముందుంది.

డిసెంబరు వచ్చింది. మా మండలంలో తెల్లవారుజామున చలి పది డిగ్రీల కిందికి దిగే రోజులు. పెద్దోడి కోసం తెచ్చిన సిరంజీలు అయిపోయాయి. విశాఖ 120 కిలోమీటర్ల పైమాటే. బీరువాలో అమ్మవి వాడనివి మిగిలి ఉన్నాయి, ప్యాకెట్ కూడా విప్పలేదు. సిరంజీ అంటే సిరంజీ అనుకున్నాను. అమ్మ వాడిన ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకం. దాని సిరంజీకి ఎర్ర మూత. పెద్దోడికి రాసిన గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. దాని సిరంజీకి నారింజ రంగు మూత. ఎర్ర మూత సిరంజీలో రెండో గీత దాకా గ్లార్జిన్ లాగితే లోపలికి వెళ్లేది రెండు యూనిట్లు కాదు, అయిదు. రెండున్నర రెట్లు. లెక్కల టీచర్ని కాకపోయినా అయిదో తరగతి పిల్లల చేత చేయించగల లెక్క ఇది. ఎన్నో ఏళ్లు ఆ ఎర్ర మూత తీసిన చేతులు కాబట్టి, కళ్లు మూత రంగును చూడనే లేదు.

రాత్రి తొమ్మిది దాటాక వాడు మంచం కింద నుంచి బయటికొచ్చి తూలాడు. చలికి వణుకుతున్నాడనుకున్నాను. రగ్గు కప్పి ఒళ్లో పెట్టుకుని, ముద్దు చేస్తూ కూర్చున్నాను. ఎంతసేపు అలా కూర్చున్నానో తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. కాసేపటికి మెడ వాలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. ముందుకాలు ఎగిరెగిరి పడుతోంది. అప్పుడు మీటరు తీశాను. 34 చూపించింది. ఫోన్ సిగ్నల్ కోసం వాకిట్లోకి పరుగెత్తాను. డాక్టరుగారు రెండే ప్రశ్నలు అడిగారు: ఎంత చేశారు, ఏ సిరంజీతో? రెండో దానికి జవాబు చెబుతుండగానే నాకు అర్థమైంది. "తేనె గానీ గ్లూకోజు గానీ చిగుళ్ల మీద రుద్దండి. గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అన్నారు.

ఇంట్లో గిరిజన తేనె సీసా ఉంది. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ, గిరిజనులు కొండల్లో సేకరించినవి కొని అమ్ముతోంది. మా ఇళ్లలో ఆ తేనె లేని అలమరా ఉండదు. చలికి గడ్డకట్టి, సీసా వంచితే జారలేదు. వేలు పెట్టి తవ్వి, పెద్దోడి పెదవి పైకెత్తి, పాలిపోయిన చిగురు మీద పూశాను. కొన్ని నిమిషాలకోసారి పూస్తూనే ఉన్నాను. నాలుగైదు సార్లకు నాలుక కదిలింది. పిల్లికి తీపి రుచి తెలియదు. తీపిని గుర్తుపట్టే జన్యువు వాటిలో పనిచేయదని 2005లో కనుక్కున్నారు. తన నోట్లో పూసింది ఏమిటో వాడికి తెలియదు, రక్తానికి తెలిసింది. తల ఎత్తాక కోడి ముక్కలు చిదిమి పెట్టాను. గ్లార్జిన్ చాలాసేపు పనిచేసే మందు కాబట్టి ఒకసారి లేచాడు కదా అని వదిలేయకూడదని డాక్టరుగారు హెచ్చరించారు. తెల్లవార్లూ చెవి గుచ్చి చూస్తూ, పడిపోతే తేనె పూస్తూ కూర్చున్నాను. టార్చి వెలుగులో చెవి అంచు గులాబిరంగులో మెరిసేది. ఒక్కో రక్తపు చుక్క ఆవగింజంత. అన్నిసార్లు గుచ్చినా వాడు నన్ను గీరలేదు.

ఆ రాత్రి అమ్మ గుర్తొచ్చిందా అంటే రాలేదు. వచ్చిన నాటి నుంచి నా ముందున్నది పిల్లి అని నిజంగా తెలిసింది ఆ రాత్రే.

ఇన్సులిన్ చరిత్ర తర్వాత కూర్చుని చదివాను. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద ప్రయోగాలు చేసి దాన్ని వెలికితీశారు. 1922 జనవరిలో మొదటిసారి ఒక పద్నాలుగేళ్ల కుర్రాడికి ఇచ్చారు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు మనుషులకు ఎక్కించిన ఇన్సులిన్ ఆవుల నుంచి, పందుల నుంచి తీసిందే. 1982లో గాని ప్రయోగశాలలో చేసిన మానవ ఇన్సులిన్ అమ్మకానికి రాలేదు. పెద్దోడికి చేస్తున్న గ్లార్జిన్ 2000లో మనుషుల కోసం వచ్చిన మందు. జంతువుల నుంచి అన్నేళ్లు తీసుకున్నాం. ఒక ముసలి పిల్లికి రోజుకు రెండు చుక్కలు వెనక్కి ఇవ్వడం దయ కిందికి రాదు, బాకీ కిందికి వస్తుంది. "పిల్లికి ఇన్సులినా, ఇక్కడ మనుషులకే దిక్కు లేదు" అని బడిలో కొందరు అన్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. డోలీల్లో ఆసుపత్రికి మనుషుల్ని మోసుకొచ్చే గూడేలు ఇప్పటికీ ఉన్న కొండలివి. ఆ న్యాయం కోసం గట్టిగా అడగాల్సిందే. దానికోసం పెద్దోణ్ణి చావనివ్వాలని మాత్రం నేను ఒప్పుకోను.

అమ్మ సిరంజీలు మిగిలినవన్నీ ప్యాకెట్లతో సహా ఇంట్లోంచి తీసేశాను. కాగితం ఇప్పుడు మడత విప్పి ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంది. ఒట్టి మాంసం కూడా చాలదని, అందులో సున్నం తక్కువని అందులోనే రాసి ఉంది. కాబట్టి విశాఖ నుంచి తడి ఆహారం డబ్బాలు బస్సు పార్సిల్లో తెప్పిస్తున్నాను. కోడి ఉడికించిన నీళ్లు పారబోయను, టారిన్ అందులోకే దిగుతుంది. ముందు గిన్నె, తిన్నాడని కళ్లారా చూశాకే సూది. ఒక్క రీడింగు చూసి మోతాదు మార్చను. భయపడితేనే పిల్లికి షుగరు మూడు వందల దాకా ఎగబాకుతుంది. బుట్టలో కూచోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తే వచ్చే అంకెను నమ్మలేం. బరువు మెల్లగా తగ్గుతోంది. మడమలు నేల వదిలి కాస్త పైకి లేచాయి. ఇప్పుడు గుమ్మం దాకానే కాదు, గట్టు ఎక్కి మామ్మ వాకిట్లో ఎండకు పడుకుంటున్నాడు. జబ్బు మొదట్లోనే పట్టుకుని సరైన తిండి, ఇన్సులిన్ ఇస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుందట. పెద్దోడి విషయంలో ఆలస్యమైందని డాక్టరుగారు అన్నారు. ఆ ఆలస్యంలో నా అంబలి రోజులూ ఉన్నాయి.

మామ్మ మనవరాలు ఇంటర్ చదువుతోంది. నేను ఊరెళ్తే పూట తప్పకూడదని ఆ పిల్లకు ఇంజక్షన్ నేర్పాను. చర్మం పైకి లేపి పట్టుకోవడం మూడో రోజుకే వచ్చేసింది. మూత రంగు ముందు చూసి, పైకి చెప్పి, ఆ తర్వాతే సీసా ముట్టుకోవాలని పెట్టిన నియమం నాకంటే ఆ పిల్లే ఖచ్చితంగా పాటిస్తోంది.

వచ్చే వేసవిలో నాకు బదిలీ ఉంటుందంటున్నారు. మాస్టర్లందరూ కౌన్సెలింగ్‌లో ఇంటద్దె భత్యం, బస్సు సౌకర్యం చూసి ఊరు కోరుకుంటారు. నేను అడిగి తెలుసుకుంటున్నవి వేరు. కరెంటు నిలకడగా ఉంటుందా, కోడి మాంసం రోజూ దొరుకుతుందా, మందుల షాపులో నారింజ మూత సిరంజీలు ఉంటాయా అని.