ఏముందండీ గారు

గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ ఊళ్ళో చూసినా ఒక పెద్దమనిషి తగులుతారు. "మా ఊళ్ళో ఏముందండీ, ఎండా మిరపకాయా తప్ప!" అన్నది ఆయన ఊతపదం గనక ఏముందండీ గారు అనే పిలుచుకుందాం. ఆయనకు కళాభిరుచి లేదనుకుంటే పొరపాటు. డిసెంబరు వస్తే మద్రాసు సభల్లో సీటు కోసం ముందే మనుషుల్ని పురమాయిస్తారు. కూతుర్ని చూడటానికి లండన్ వెళ్తే బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాల ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. 1859లో మద్రాసు నుంచి లండన్‌కు ఓడెక్కిన ఆ పలకల సొంతూరు గుంటూరుకు గంట ప్రయాణం. ఆ ఊరి మ్యూజియం వైపు మాత్రం ఆయన కారు ఒక్కసారీ తిరగలేదు.

సొంత ఊళ్ళో ఆయన రసికత వేరు. కూడలిలో శిల్పి చెమటోడ్చి పోసిన విగ్రహం ఆయనకు చిరునామా: "బొమ్మ కాడ దిగి ఎడమకి తిరుగు." శివరాత్రికి కోటప్పకొండకు కదిలే ఆకాశమంత ప్రభ ఆయనకు ట్రాఫిక్ జామ్. పెళ్ళి పందిట్లో సన్నాయి మంచి రాగం ఎత్తుకుంటే ఆయన కళ్ళు విస్తరి మీద, చెవులు గట్టిమేళం కోసం. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అయ్యారు. "మనవాడే!" అని ఏముందండీ గారు ఛాతీ విరుస్తారు. ఆ వాద్యాన్నే నమ్ముకున్నవాళ్ళు చిలకలూరిపేట చుట్టుపక్కల ఇంకా ఉన్నారంటే, "పెళ్ళికి ఎంత తీసుకుంటారు?" అని అడుగుతారు.

ఆయన పక్షాన వాదించేవాళ్ళూ ఉన్నారు. రోడ్డు మీద, ఎండలో, మైకుల హోరులో కళను ఆస్వాదించేదెట్లా అంటారు. కానీ అమరావతి పలకలు చెక్కింది ఏసీ గదికి కాదు, స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే జనం కోసం. నాదస్వరానికి అంత గొంతు ఉన్నదీ ఊరేగింపులో వీధి చివరిదాకా వినపడటానికే. ఆరుబయట పుట్టినవాటిని ఆరుబయట చూడలేం, వినలేం అంటే ఎట్లా? మన ఊరిదైనంత మాత్రాన ప్రతిదీ గొప్పదా అన్నది రెండో ప్రశ్న. కాదు. బొమ్మల్లో మూతి వంకరవీ ఉంటాయి, పాటల్లో అపశ్రుతులూ ఉంటాయి. అయితే టిక్కీలో నాలుగు తాలుకాయలు కనపడ్డాయని మిర్చియార్డుకే వెళ్ళడం మానుకున్న వ్యాపారి ఉన్నాడా?

అసలు విచిత్రం ఇక్కడే ఉంది. ఇదే ఏముందండీ గారు యార్డులో మచ్చు తీసి, కాయ విరిచి, వాసన చూసి, తేజా రకమో 334 రకమో క్షణంలో చెప్పేస్తారు. పత్తి పింజను రెండు వేళ్ళతో లాగి పొడవు అంచనా కడతారు. అప్పుడు లండన్ ముద్ర అడగరు, మద్రాసు సభ తీర్మానం అడగరు. కంటినీ ముక్కునీ వేళ్ళనీ అంతగా నమ్మే మనిషి, పాట దగ్గరికి వచ్చేసరికి చెవిని నమ్మరు. ఎవరో గ్రేడు కట్టి పంపితేనే కొంటారు. ఆయనకు కొరత అభిరుచి కాదు, ధైర్యం. వచ్చే పెళ్ళిలో సన్నాయి మొదలైనప్పుడు ఒక్క పది నిమిషాలు మచ్చు చూస్తే చాలు. తాలేదో తేజా ఏదో చెవి చెప్పకపోదు. విస్తరంటారా, రెండో బంతి ఎప్పుడూ ఉంటుంది.