హ్యూస్టన్ కథ

మా బెళ్ళందూరు అపార్ట్‌మెంట్‌లో మనుషుల పేర్లతో ఎవరికీ పనిలేదు. సెక్యూరిటీకైనా, కొరియర్ కుర్రాడికైనా ఫ్లాట్ నంబరు చాలు. ఆ అలవాటు మెల్లగా మాకూ అంటుకుంది. నాలుగో అంతస్తు పెద్దాయన అందరికీ 402 గారే. గుంటూరు వైపు మనిషి. రింగురోడ్డు మీది ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. లిఫ్టులో కలిస్తే నీళ్ళ ట్యాంకరు గురించి మాట్లాడతారు, లిఫ్టు దిగాక పరుగుపందాల గురించి మాట్లాడతారు.

పరుగు గురించి మాట్లాడే హక్కు ఆయనకుంది. వాళ్ళ హాల్లో టీవీకి పైన ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఇంటర్ చదివే రోజుల్లో రాష్ట్ర జూనియర్ పోటీల్లో వంద మీటర్ల పరుగులో ప్రథమ స్థానం. ఆ కాగితం మీదే స్పోర్ట్స్ కోటాలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. సీటు వచ్చాక ఆయన మళ్ళీ స్పైక్స్ తొడగలేదు.

"రెండోవాడెవడో గానీ చివరి పది మీటర్లూ చంపేశాడండీ. ఛాతీ తేడాతో కొట్టాను" అని ఇప్పటికీ చొక్కా ముందుకు లాగి చూపిస్తారు.

వాళ్ళబ్బాయి ఇక్కడే దగ్గర్లో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. మొన్న కాలేజీ స్పోర్ట్స్ డేలో వంద మీటర్లు గెలిచాడు. ఆ సాయంత్రమే 402 గారికి అమెరికా కనిపించింది. అక్కడ యూనివర్సిటీలు పరిగెత్తేవాళ్ళకి ఫీజులు కట్టి మరీ చదువు చెప్పిస్తాయని ఎక్కడో చదివారు. చదివి ఊరుకోలేదు. ఆదివారం క్లబ్‌హౌస్‌లో మా నలుగురినీ కూర్చోబెట్టి హ్యూస్టన్ కథ మొదలుపెట్టారు.

కథ మాత్రం నిజంగా మంచి కథ. 1991 ఆగస్టు 25, టోక్యో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ వంద మీటర్ల ఫైనల్. అప్పటికి ప్రపంచ రికార్డు లెరాయ్ బరెల్‌ది, 9.90 సెకన్లు. ఆ జూన్‌లోనే న్యూయార్క్‌లో కార్ల్ లూయిస్‌ని ఓడించి మరీ పెట్టిన రికార్డు. ఇద్దరూ హ్యూస్టన్ యూనివర్సిటీలో చదివినవాళ్ళే, ఇద్దరికీ గురువు టామ్ టెలెజే. ఆ రోజు బరెల్ 9.88లో పరిగెత్తాడు. అంటే తన ప్రపంచ రికార్డుని తానే దాటేశాడు. అయినా ఓడిపోయాడు. ఎందుకంటే పక్కన లూయిస్ 9.86లో గీత దాటాడు. ఆ ఒక్క పందెంలో ఆరుగురు పది సెకన్ల లోపు వచ్చారు.

"రికార్డు దాటి కూడా రెండోవాడైపోయాడు చూడండి, ఎంత అన్యాయం!" అన్నారు 402 గారు, ఆ పందెంలో తన డబ్బేదో పోయినట్టు.

ఆ తర్వాత బరెల్ బార్సిలోనా ఒలింపిక్స్‌లో రిలే బంగారం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1994లో 9.85తో రికార్డు మళ్ళీ తనదే చేసుకున్నాడు. 1998లో టెలెజ్ తప్పుకుంటే గురువుగారి కుర్చీలో హెడ్ కోచ్‌గా కూర్చుని 24 ఏళ్ళు కదల్లేదు. 2017, 2018 రెండేళ్ళూ అమెరికా కాలేజీల ఛాంపియన్‌షిప్‌లో నాలుగు వందల రిలే హ్యూస్టన్‌దే. రెండో ఏడు 38.17 సెకన్లు.

"ఇప్పుడు అసలు సంగతి వినండి." 402 గారు ఇక్కడికొచ్చేసరికి కుర్చీలో ముందుకు జరిగారు. "ఆ జట్టుని తయారు చెయ్యడానికి బరెల్ కింద అసిస్టెంటుగా పనిచేసింది ఎవరనుకున్నారు? కార్ల్ లూయిస్! ఒలింపిక్స్‌లో తొమ్మిది బంగారు పతకాలు తెచ్చినవాడు. టోక్యోలో తన వెనక వచ్చినవాడి కింద చేరాడు. అదీ మొదట్లో వాలంటీరుగా. అంటే ఊరికే! పైసా లేకుండా! గెలిచినవాడికి అహం ఉండకూడదు. ఆటంటే అదండీ."

మేమంతా తలలూపాం. 2022లో బరెల్ ఆబర్న్ యూనివర్సిటీకి వెళ్ళిపోతే అదే హ్యూస్టన్‌కి లూయిస్ హెడ్ కోచ్ అయ్యాడన్న ముక్క కూడా చెప్పి, ఆయన టీ తాగారు.

మర్నాడు అబ్బాయి కాలేజీకి వెళ్ళి ఫిజికల్ డైరెక్టర్‌ని కలవాలన్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. పీడీ సార్‌కి యాభై దగ్గర పడి ఉంటుంది. సన్నటి మనిషి, మెళ్ళో విజిలు. తెలుగే మాట్లాడాడు గానీ అందులో కన్నడం కలిసిపోయి వస్తోంది. కోలారు వైపు మనిషి కాబోలు అనుకున్నాం.

"మీరు ఒలింపిక్స్‌లో పరిగెత్తారా?" అని అడిగారు 402 గారు.

"లేదు సార్."

"మన దగ్గర ఒలింపిక్ స్ప్రింటర్లు ఎక్కడున్నార్లెండి."

"ఎందుకు లేరు సార్? కోలారులో పుట్టిన కెన్నెత్ పావెల్ గారు ఉండేవారు కదా. కేఆర్ పురం దగ్గర ఈ ఐటీఐ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో వంద, రెండొందలు, రిలే, మూడూ పరిగెత్తారు. 65లో అర్జున. 70లో బ్యాంకాక్ ఏషియాడ్‌లో రిలే కాంస్యం. 2022 డిసెంబరులో పోయారు. అంతెందుకు, మీ మార్టేరు అమ్మాయి సత్తి గీత లేదా? 2004 ఏథెన్స్‌లో నాలుగు నాలుగొందల రిలే ఫైనల్లో పరిగెత్తింది. జట్టుకి ఏడో స్థానం."

402 గారికి ఈ పేర్లు తెలియవు. హ్యూస్టన్ వైపు తిప్పారు. అమెరికా స్కాలర్‌షిప్ సంగతి ఎత్తారు. పీడీ సార్ నవ్వలేదు, ఆశ కూడా పెట్టలేదు.

"అక్కడ మొన్న మొన్నటిదాకా పెద్ద డివిజన్‌లో ఒక్కో మగపిల్లల జట్టుకి మొత్తం పన్నెండున్నర చిల్లర స్కాలర్‌షిప్పులే సార్. పరుగులు, దూకుళ్ళు, విసుర్లు అన్నిటికీ కలిపి వాటినే ముక్కలు చేసి పంచేవాళ్ళు. వంద మీటర్లంటే పదిన్నర సెకన్ల చుట్టుపక్కల ఉంటేగాని ఫోను ఎత్తరు. మనవాడు ఇప్పుడు పన్నెండూ నాలుగు. అయినా కాళ్ళున్నాయి. నాకు వదిలెయ్యండి, చూద్దాం."

కాలేజీ వేళ దాటాక విడిగా నేర్పితే నెలకి మూడు వేలు తీసుకుంటానన్నాడు.

బేరం అక్కడ మొదలైంది. కాలేజీ ఫీజు లక్షల్లో కట్టి మారుమాట్లాడని 402 గారు మూడు వేల దగ్గర ఆగిపోయారు. ఆయన దగ్గర లెక్క సిద్ధంగా ఉంది.

"సార్, కార్ల్ లూయిస్ అంతటివాడు ఊరికే నేర్పాడు."

"ఆయనకి తొమ్మిది బంగారు పతకాలున్నాయి సార్. నాకు ఇద్దరు పిల్లలున్నారు."

"అలా అనకండి. ఆటని ప్రేమించేవాడు డబ్బు చూడడు." ఇంకోసారి టోక్యో మొదలుపెట్టి హ్యూస్టన్ దాకా చెప్పారు. 9.86, 9.88, వాలంటీరు, అహం, అన్నీ వచ్చాయి. పీడీ సార్ అంతా శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకసారి 402 గారి మొహంలోకి తేరిపార చూశాడు.

"మీరూ పరిగెత్తేవారా సార్?"

"జూనియర్స్‌లో స్టేట్ ఫస్టు."

"అదీ సంగతి" అని కాసేపాగి, "అలాగే సార్. ఊరికే చెబుతాను" అన్నాడు.

తిరిగొస్తుంటే కార్లో 402 గారు స్టీరింగ్ మీద తాళం వేశారు. ఇబ్లూరు జంక్షన్ ట్రాఫిక్‌లో ముప్పావుగంట ఇరుక్కున్నా ఆ తాళం ఆగలేదు.

మర్నాటి నుంచి పొద్దున్నే ఐదున్నరకి గ్రౌండు. రింగురోడ్డు నిద్రలేవక ముందే పని అయిపోవాలి. పీడీ సార్ స్కూటరు మీద వచ్చేవాడు. కాళ్ళ దగ్గర ఇనప స్టార్టింగ్ బ్లాకులు, డిక్కీలో సుత్తీ, మేకులూ, హ్యాండిల్‌కి సున్నం సంచీ. మట్టి ట్రాకు కదా, రోజూ గీత గియ్యాలి, రోజూ బ్లాకులు దిగ్గొట్టాలి. ఒకటి రెండుసార్లు నేనూ నడకకని వెళ్ళి చూశాను. సున్నపు గీత దగ్గర నుంచి అబ్బాయి పాదాన్నే కొలతగా పెట్టి లెక్కపెట్టేవాడు. రెండు పాదాల దూరంలో ముందు బ్లాకు, మూడు పాదాల దూరంలో వెనక బ్లాకు. మోకాళ్ళ మీద కూర్చుని మేకులు కొట్టేవాడు. 'సెట్' అనగానే అబ్బాయి నడుం భుజాలకంటే కొంచెం పైకి లేవాలి. లేచాక కదలకూడదు. పరుగు అందుకున్నాక మొదటి పది మీటర్లు తల ఎత్తకూడదు. ఎత్తాడా, మళ్ళీ మొదటికి.

"ఎవరు ముందున్నారో చూడొద్దురా. నేలనే చూడు, నేలనే తొయ్యి" అనేవాడు. వారాల తరబడి ఆ పది మీటర్లే. వంద మీటర్లు పూర్తిగా పరిగెత్తనివ్వడం ఎప్పుడో.

402 గారు అప్పుడప్పుడూ వచ్చేవారు. కారు ఏసీలో కూర్చుని ఫోన్‌లో కాల్స్ చూసుకుంటూ, అద్దం దించి "కమాన్!" అని మళ్ళీ ఎత్తేసేవారు. పీడీ సార్ సుత్తి కొడుతుంటే సాయం పట్టిందీ లేదు, సున్నం సంచీ అందించిందీ లేదు.

వర్షాలు వచ్చి వెళ్ళాయి. చలి దిగేసరికి అబ్బాయి పదకొండూ ఎనిమిదికి వచ్చాడు. అది అమెరికా టైము కాదు గానీ ఇంటర్‌కాలేజీ మీట్‌లో రెండో స్థానానికి సరిపోయింది. 402 గారికి రెండో స్థానం కాస్త చప్పగా అనిపించినా, పతకం పతకమే కదా అని ఆదివారం భోజనానికి మమ్మల్నందరినీ పిలిచారు. పీడీ సార్‌నీ పిలిచారు. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గుత్తొంకాయ, పరమాన్నం. పీడీ సార్ చేతులు కడుక్కుని వచ్చి టీవీ పైనున్న సర్టిఫికెట్ ముందు నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

భోజనాల దగ్గర 402 గారు అబ్బాయికి హితబోధ చేశారు. రెండో స్థానం వచ్చిందని దిగులుపడకూడదని, గెలిచినవాడు పొంగిపోకూడదని, హ్యూస్టన్‌లో ఏం జరిగిందో గుర్తుపెట్టుకోవాలని. అక్కడి నుంచి తన పందెంలోకి వచ్చారు.

"ఆ రోజు నా వెనక వచ్చినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో ఏమో!"

"మీ పక్కనే సార్, ఐదో లేన్‌లో" అన్నాడు పీడీ సార్, పరమాన్నం గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "మీది నాలుగు."

402 గారి చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది. "మీకెలా తెలుసు?"

"అప్పుడు మేం హిందూపురంలో ఉండేవాళ్ళం. ఇక్కడికొచ్చి పాతికేళ్ళయింది, మాట మారిపోయింది. మీకు ఫస్టు వచ్చింది, కోటాలో సీటొచ్చింది. సెకండుకి ఏ కోటా లేదు కదా, నేను బీపీఈడీ చేసి గ్రౌండులోనే ఉండిపోయాను."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అన్లేదేం?"

"మీరు హ్యూస్టన్ కథ చెబుతుంటే మధ్యలో ఆపడమెందుకని ఊరుకున్నాను సార్. బాగుంది కథ. రెండోవాడు హెడ్ కోచ్ అయ్యాడు, గెలిచినవాడు వచ్చి వాడి దగ్గర ఊరికే పనిచేశాడు. ఇన్ని నెలలూ ఊరికే పనిచేసింది మాత్రం రెండోవాడు. ఎక్కడో తిరగబడింది." గిన్నె కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. "రేపు పొద్దున ఐదున్నరకి వచ్చెయ్యండి సార్. సుత్తీ, బ్లాకులూ, సున్నం సంచీ కిందే ఉన్నాయి. పోయేటప్పుడు మీ కారు డిక్కీలో పెట్టించేసి వెళతాను."