సింబల్స్ నెత్తిన వాల్వు పెట్టాలా?

డ్రమ్స్ వాయించేవాడు వీధిలో ఒక్కడుంటే ఇరుగుపొరుగుకి కష్టం. డ్రమ్స్ రికార్డు చేసేవాడు ఇంట్లో ఒక్కడుంటే ఇంటిల్లిపాదికీ కష్టం. మొదటిది చెవులతో పోతుంది, రెండోది జేబు దాకా వస్తుంది. వాయించేవాడికి ఒకసారి కిట్ కొనిస్తే ఏళ్ళ తరబడి దాన్నే బాదుకుంటూ పడి ఉంటాడు. రికార్డు చేసేవాడికి కిక్‌కి ఒక మైకు కావాలి, స్నేర్‌కి ఒకటి కావాలి, టామ్స్‌కి తలా ఒకటి కావాలి. అన్నీ అమిరాక, నెత్తిమీదికి ఓవర్‌హెడ్స్ అని ఇంకో రెండు కావాలి. ఈ చివరి రెండింటి దగ్గరే ఇంట్లో మాటలు ఆగిపోతాయి.

ఓవర్‌హెడ్స్ గొడవ తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. కింద మైకులు ఒక్కో డ్రమ్మునీ విడివిడిగా వింటాయి. సింబల్స్ పైన రెండు మూడడుగుల ఎత్తున వేలాడే ఈ జంట మాత్రం కిట్ మొత్తాన్నీ, గదినీ, స్టూలు కిర్రునీ, డ్రమ్మర్ నోట్లో లెక్కపెట్టుకునే అంకెల్నీ కలిపి వింటుంది. క్రాష్ ఎడమ పక్కనుందో, రైడ్ కుడి పక్కనుందో చెప్పేది కూడా ఇదే. ఈ రెండూ కుదిరితే మిగతావి లేకపోయినా పాట నడుస్తుంది. కుదరకపోతే మిగతావి ఎన్నున్నా, ఆడలేక మద్దెల ఓడన్న సామెతని మనం మార్చుకుని, మైకు ఓడని చెప్పుకు తిరగాలి.

సైనిక్‌పురిలో మా మేడమీద గదిని మా మేనల్లుడి బ్యాండు ఆక్రమించుకుంది. వాడొక రోజు గంభీరంగా వచ్చి, "మావయ్యా, ఓవర్‌హెడ్స్‌కి ట్యూబు మైకులు పెట్టాలి. సౌండు వెచ్చగా వస్తుంది," అన్నాడు. అది మే నెల. ఏసీ చప్పుడు టేకులో పడుతుందని ఆపేశాం. ఫ్యానుకీ అదే శిక్ష. కిటికీలకి పరుపులు అడ్డం పెట్టాం. బనీన్లు పిండితే బిందె నిండేలా ఉంది. "ఇంకా వెచ్చదనం ఎందుకురా?" అంటే వాడికి నవ్వు రాలేదు. కొత్త మైకు కావాలనుకున్నవాడికి హాస్యం ఎక్కదు.

వాడి మోజుకి వంశచరిత్ర ఘనంగానే ఉంది. జర్మనీలో నాయ్‌మన్ వాళ్ళు 1949లో తెచ్చిన యూ47 మైకులో వీఎఫ్14 అనే టెలిఫంకెన్ వాల్వు, అంటే మనవాడనే ట్యూబు, ఉండేది. వియన్నాలో ఏకేజీ వాళ్ళు 1953లో సీ12 తెచ్చారు. తర్వాత టెలిఫంకెన్ కోసం ఆ ఏకేజీయే ఎలామ్ 251 చేసిపెట్టింది. వీఎఫ్14 తయారీ ఆగిపోవడంతో నాయ్‌మన్ వాళ్ళు ఈఎఫ్86 వాల్వుతో 1960లో యూ67 తీసుకొచ్చారు. ఇవాళ వీటిలో ఒక్క పాతది కొనాలన్నా లక్షలు లక్షలు పొయ్యాలి. ఓవర్‌హెడ్స్‌కి జత కావాలి కాబట్టి ఆ లక్షల్ని రెండుతో హెచ్చవెయ్యాలి. మేనల్లుడు నా మొహం చూసి, "అవి కాదు మావయ్యా, చవకవి ఉన్నాయి," అన్నాడు.

ఉన్నాయి, నిజమే. ఆస్ట్రేలియా రోడ్ వాళ్ళ ఎన్‌టీకే, కే2 ఉన్నాయి. అవాంటోన్ సీవీ-12 ఉంది. ఎమ్మెక్సెల్ వీ69 ఉంది. వార్మ్ ఆడియో వాళ్ళు యూ47 పోలికతో తెచ్చిన డబ్ల్యూఏ-47 ఉంది. విప్పి, పార్టులు మార్చి మళ్ళీ బిగించుకునే సోల్డరింగ్ భక్తుల కోసం అపెక్స్ 460 ఉంది. చవక అన్న మాట మాత్రం పాతవాటి పక్కన పెట్టి చూస్తేనే చెల్లుతుంది. మా ఆవిడ ఫ్రిజ్ పక్కన పెట్టి చూసింది.

ఇంతకీ ఆ వాల్వు చేసే పనేమిటి? కండెన్సర్ మైకులో బంగారు పూత పూసిన పల్చటి పొర ఒకటుంటుంది. గాలి తాకిడికి అది కదిలి కరెంటు సంకేతాన్ని పుట్టిస్తుంది. ఆ సంకేతం ఎంత బలహీనమంటే బారెడు తీగ కూడా దాటలేదు. దాన్ని దారిన పెట్టి సాగనంపడమే వాల్వు ఉద్యోగం. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ ఉద్యోగం వాటికి పోయింది. 1966లో నాయ్‌మన్ కేఎం84 వచ్చాక 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు మైకు తీగలోంచే వెళ్ళసాగింది. అంటే వాల్వు సొంతంగా పాడేది తక్కువ. పాట పుట్టేది దాని ముందున్న ఆ పొర దగ్గర. మైకుని ఆ పొర ఉండే క్యాప్సూల్ చూసి కొనాలి. మనమేమో జాలీలోంచి ఎర్రగా వెలిగే వాల్వుని చూసి పర్సు తీస్తాం.

చవక మైకుల కిటుకంతా ఈ క్యాప్సూల్లోనే ఉంది. చాలావాటిలో పెట్టేది యూ67 క్యాప్సూల్‌కి నకలు. ఆ క్యాప్సూల్ సహజంగానే పై స్థాయి శబ్దాల్ని కాస్త ఎత్తి చూపిస్తుంది. అసలు యూ67లో ఆ ఎత్తుని మళ్ళీ దించే ఏర్పాటు సర్క్యూట్లోనే చేశారు. చవకగా నకలు తీసిన చాలామంది క్యాప్సూల్‌ని తీసుకున్నారు, దించే ఏర్పాటుని వదిలేశారు. గాయని ముందు పెడితే ఆ మెరుపు బాగానే ఉంటుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది. దాన్నే పట్టుకెళ్ళి క్రాష్ సింబల్ నెత్తిన పెట్టండి. పళ్ళు జివ్వుమంటాయి. వెచ్చదనం కోసం తెచ్చుకున్న మైకు రేకు మీద మేకు గీసినట్టు వినిపిస్తుంది. మనం అంత డబ్బు పెట్టాం కాబట్టి దానికి "క్యారెక్టర్" అని పేరు పెట్టి సర్దుకుంటాం.

ఇంకో చిక్కుంది. ఓవర్‌హెడ్‌కి శబ్దం ఎదురుగా ఒక్కచోటి నుంచే రాదు, పక్కల నుంచి కూడా వస్తుంది. పెద్ద డయాఫ్రం (ఇందాకటి పొరే) ఉన్న మైకు ఎదురుగా వచ్చిన దానికిచ్చే మర్యాద పక్కనుంచి వచ్చిన దానికివ్వదు, రంగు మార్చేస్తుంది. పెన్సిల్లా సన్నగా ఉండే చిన్న డయాఫ్రం కండెన్సర్లు ఈ విషయంలో నయం. పైగా ట్యూబు మైకులు లోపలి సడి ఎంత తక్కువో గొప్పగా రాసుకుంటాయి. కింద వంద డెసిబెల్స్ దాటి క్రాష్ మోగుతుంటే ఆ సన్నటి సడి వినేదెవరు? మనకి కావలసింది అది కాదు. గట్టి దెబ్బకి మైకు ముక్కలు ముక్కలుగా పలకకుండా శబ్దాన్ని తగ్గించే ప్యాడ్ స్విచ్ ఉందా లేదా చూసుకోవాలి. చవక వాటిలో కొన్నింటికి అదే ఉండదు.

బరువు సంగతి బొమ్మ చూస్తే తెలియదు, స్టాండు చూస్తే తెలుస్తుంది. ట్యూబు మైకు, దాన్ని ఊయలలా పట్టుకునే షాక్ మౌంటు కలిపితే పెళ్ళిపందిట్లో దొరికే స్టాండు మోయలేదు. సాయంత్రం బిగించిన బూమ్ కడ్డీ పాట రెండో చరణానికి వినయంగా వంగుతూ వంగుతూ రైడ్ సింబల్‌కి నమస్కారం పెడుతుంది. మంచి స్టాండ్లు, వాటి వెనక కట్టే ఇసుక సంచులు మైకు ధరలో కలిసి రావు.

కలిసి వచ్చేది వేరే ఉంది. ఫాంటమ్ కరెంటు ట్యూబుకి చాలదు కాబట్టి ఒక్కో మైకుకీ ఇటుకంత పవర్ సప్లై వస్తుంది. దానికి మామూలు ఎక్స్‌ఎల్‌ఆర్ కాకుండా ప్రత్యేకమైన తీగ ఉంటుంది, తరచుగా ఏడు పిన్నులది. అది పోతే చిక్కడపల్లిలో దొరకదు. పవర్ సప్లై వెనకాల 115, 230 అని చిన్న స్విచ్చు ఉంటుంది. మా మిత్రుడొకడు డల్లాస్ నుంచి వచ్చే బావమరిది సూట్‌కేసులో ట్యూబు మైకు తెప్పించుకుని బెజవాడలో ప్లగ్గు పెట్టాడు. వాల్వు వేడెక్కి కుదురుకోవడానికి టైము పడుతుందని చదివి ఉన్నాడు కాబట్టి కాఫీ తాగుతూ ఓపిగ్గా కూర్చున్నాడు. స్విచ్చు 115 మీద ఉంది. ఫ్యూజు కాఫీ కలపకముందే పోయింది. విశాఖ, కాకినాడ వాళ్ళకి మరో హెచ్చరిక. సముద్రపు గాలి తేమ క్యాప్సూల్‌కి పడదు, చిటపటలాడుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో దాచుకోండి.

ఇన్ని చెప్పినా మేనల్లుడు వినలేదు. ఎవరి దగ్గరో ట్యూబు మైకుల జత ఎరువు తెచ్చాడు. పోటీకి మా దగ్గరున్న పెన్సిల్ కండెన్సర్ల జత దింపాం. ముందు దర్జీ టేపు తెమ్మన్నాను. డ్రమ్మర్ స్నేర్ నడిబొడ్డున టేపు కొసని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. మేనల్లుడు రెండో కొసని ఒక మైకు మూతి దాకా లాగి, అక్కడ గోటితో గుర్తు పెట్టి, అదే కొలత రెండో మైకుకి తీసుకెళ్ళాడు. ధ్వని మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. ఒక మైకు జానెడు ఎడంగా ఉన్నా స్నేర్ దెబ్బ దానికి అరమిల్లీసెకను పైన ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపి వింటే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని స్నేర్ ఖాళీ డబ్బాలా పలుకుతుంది. మైకులు గుర్తు దగ్గరికి జరపగానే స్నేర్‌కి ఒళ్ళొచ్చింది. మేనల్లుడు, "ట్యూబు మహిమ," అన్నాడు. ఆ టేకులో ఉన్నవి పెన్సిల్ మైకులు.

రెండు జతలూ రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా మా ఆవిడకి వినిపించాం. "మొదటిదానికి తలనొప్పొచ్చింది. రెండోది పర్లేదు," అంది, పోపు మాడుతోందని వెళ్ళిపోతూ. మొదటిదే ట్యూబు. డ్రమ్మర్ మాత్రం హెడ్‌ఫోన్స్ తీసి దిగులుగా చూశాడు. "అన్నా, నేను సింబల్స్ గింత గట్టిగ కొడుతున్ననా?" ఆ తర్వాత టేకులో చెయ్యి తేలిక చేశాడు, స్నేర్ మీద బరువు పెంచాడు. ఓవర్‌హెడ్స్‌లో సౌండు ఒక్కసారిగా సర్దుకుంది. ఏ మైకూ మార్చలేదు, పైసా ఖర్చు కాలేదు.

డ్రమ్స్ సౌండు గురించి మాట్లాడేవాళ్ళంతా దండం పెట్టే రికార్డింగు ఒకటుంది. లెడ్ జెప్పెలిన్ వాళ్ళ నాలుగో ఆల్బమ్, 1971లో వచ్చింది. అందులో ఆఖరి పాట కోసం ఇంజనీరు ఆండీ జాన్స్ ఇంగ్లండులో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో జాన్ బాన్‌హమ్ కిట్‌ని కింద హాల్లో పెట్టించి, మేడమెట్ల పైనుంచి రెండు బయర్‌డైనమిక్ ఎం160 మైకులు దించాడు. అవి రిబ్బన్ మైకులు. వాటిలో వాల్వు లేదు, సన్నటి అల్యూమినియం రిబ్బన్లు, అయస్కాంతం ఉంటాయి. రిబ్బన్ సహజంగానే పై స్థాయిని మెత్తగా పలుకుతుంది కాబట్టి సింబల్స్ గీసుకోవు. ఆండీ అన్నగారు గ్లిన్ జాన్స్ మూడు నాలుగు మైకులతోనే కిట్ మొత్తం పట్టేవాడు. మేం దర్జీ టేపుతో చేసింది ఆయన పద్ధతిలోంచి నేర్చిందే. అన్నదమ్ములిద్దరి పేరూ నిలిచింది మైకు ఎక్కడ పెట్టాలో తెలిసినందుకు.

అలాగని చవక ట్యూబు మైకులు దండగ అనను. అవే కావాలనుకుంటే పై స్థాయి మెత్తగా ఉన్నవి వెతకండి. ప్యాడ్ ఉందో లేదో చూడండి. రెండూ ఒకేలా పలుకుతున్నాయో లేదో షాపులో ఒకే స్నేర్ మీద విని తీసుకోండి. ప్యాటర్న్ స్విచ్చు తొమ్మిది రకాలిచ్చినా, పదడుగుల స్లాబు కింద ముందువైపు వినే కార్డియాయిడ్ దాటి వెళ్ళకండి. ముందూ వెనకా వినే ఎనిమిది ఆకారంలో పెడితే డ్రమ్ముల కన్నా మీ స్లాబే ఎక్కువ వినిపిస్తుంది. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించకండి, అవి శబ్దాన్ని ఆపవు. మందపాటి పరుపులు, రగ్గులు నయం.

నా తీర్పు ఇది. మొదటి డబ్బు కొత్త డ్రమ్ హెడ్స్‌కి. రెండో డబ్బు గట్టి స్టాండ్లకి, నేల మీది రగ్గుకి, దర్జీ టేపుకి. మూడో డబ్బు పెన్సిల్ కండెన్సర్ల జతకి, లేదా రిబ్బన్ల జతకి. ఇంకా మిగిలితే ట్యూబు మైకు ఒక్కటే కొని, పాడేవాళ్ళ ముందు పెట్టండి, వెలుగుతుంది. రెండోదాని డబ్బు ఇంట్లో ఇచ్చెయ్యండి. రికార్డింగు సాగాలంటే ఇంట్లోవాళ్ళు కాసేపు కుక్కరు ఆపాలి, ఆ సహకారం ఏ షాపులోనూ వాయిదాల మీద దొరకదు.