జెనీవాలో గెలిచిన రొయ్య

ఆలివ్ రిడ్లే తాబేలును కాపాడతామని భారతదేశం ఇచ్చిన మాటలకు కొదవ లేదు. వలస జీవుల రక్షణకు 1979లో బాన్‌లో కుదిరిన ఒప్పందంలో 1983లో చేరింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దాన్ని పులి సరసన కూర్చోబెట్టింది. ఇంత గౌరవం దక్కాక కూడా వలల్లో చిక్కి, చచ్చి బాపట్ల తీరానికి కొట్టుకురావడం తాబేలు చేస్తున్న చట్టధిక్కారం కాబోలు!

అంతర్జాతీయ ఒప్పందాన్ని అమలు చేయడానికి రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు రాష్ట్రాల జాబితాలోని విషయం మీదైనా చట్టం చేయవచ్చు. వల దగ్గరికి వచ్చేసరికి ఆ అధికారానికి కునుకు పడుతుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపు వేట రాష్ట్రం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో దానికి 1994 నాటి చట్టం ఉంది. సంతకం ఢిల్లీది, జీవో రాష్ట్రానిది, వల నిజాంపట్నం బోటుది. చావు ఒక్కటే తాబేలుది.

మందు లేని జబ్బేం కాదిది. ట్రాల్ వలలో బిగించే ఇనుప చట్రం పేరు టెడ్. కడ్డీల సందుల్లోంచి రొయ్యలు వెనక సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయే టెడ్ కూడా తయారుచేసింది. తాబేలుతోపాటు కొంత రొయ్యా జారిపోతుందని బోటువాళ్ళ భయం. డీజిలు ఖర్చు తమదైనప్పుడు ఆ భయం అన్యాయమూ కాదు.

టెడ్ లేకుండా పట్టిన రొయ్య వద్దని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ మెట్లెక్కాయి. చట్టం ఉద్దేశం మంచిదే, అమలులోనే వివక్ష ఉందని 1998 అక్టోబరు 12న అప్పీలు తీర్పు వచ్చింది. గెలిచాం! అమెరికా అమలు పద్ధతి దిద్దుకుని చట్టాన్ని అలాగే ఉంచుకుంది, 2001లో జెనీవా దానికీ సరేనంది. 2019లో ఆ చట్టం కిందే అమెరికా మన సముద్రపు రొయ్యకు తలుపు మూసేసింది.

ఢిల్లీకి నిద్ర పట్టకుండా పోవాల్సింది, పోలేదు. చెరువులో తాబేలు పడదు కాబట్టి చెరువు రొయ్యకు ఆ నిషేధం లేదు; అమెరికాకు మనం పంపేదాంట్లో సింహభాగం చెరువుల్లో పెంచే వెనామీ రకం రొయ్యే. రేపల్లె చుట్టుపక్కల చెరువులకు ఆ నిషేధంతో బెంగ లేదు. దెబ్బంతా సముద్రంలోకి పోయేవాడికే.

ఇక, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉండనే ఉంది. అది చేపల సంతానం కోసం. తాబేళ్ళు ఎక్కువగా గుడ్లు పెట్టేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అడవిశాఖ ఆ గుడ్లు ఏరి, పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంది. పెద్దయ్యాక వాటికి ఎదురయ్యేది మళ్ళీ టెడ్ లేని వలే. అమెరికా వద్దన్న సముద్రపు రొయ్య తెనాలి, బాపట్ల బజార్లకొస్తే వలలో చట్రం ఉందా అని అడిగేవాడు లేడు; బేరమంతా కిలో ధర మీదే.