సరి పోయింది

మా ఊళ్ళో 'సరి' అనే మాటకు రెండర్థాలు. అవతలి వాళ్ళు ఏం చెప్పినా ఒప్పుకునేటప్పుడు అనేది ఒక సరి. ఆరు నెలలు నిండిన బిడ్డకు పెట్టే రాగి జావ ఇంకొక సరి. "సరి చేసినారా?" అంటే "సరి, చేస్తాం" అని జవాబు. మా ఆయనది తెనాలి. అల్లుడుగా వచ్చిన కొత్తలో ఈ మాటలు విని, ఇంట్లో ఏదో రాజీ పంచాయితీ జరుగుతోందనుకున్నాడు పాపం. వాళ్ళవైపు బిడ్డలకు పెట్టేది ఉగ్గు. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి విసిరి కాచేది. రాగులంటే వాళ్ళకు సుగరు వచ్చినాక గుర్తొచ్చే ధాన్యం.

మాది మండికల్. 2007 దాకా కోలారు జిల్లా, ఆ తర్వాత చిక్కబళ్ళాపురం జిల్లా. జిల్లా మారినా మా సంగతి మారలేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, బెంగళూరు ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను సినిమా పోస్టర్ల మీద నేర్చుకున్నాను, కాబట్టి ఇందులో ఎక్కడైనా వత్తు జారితే హీరోలదే బాధ్యత.

కాన్పు సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెంచుతూ 2017లో చట్టం మారింది. నేను 26 వారాలూ కాన్పు తర్వాతే వాడుకున్నాను. లెక్క చూడండి, అది సరిగ్గా ఆరు నెలలు. బిడ్డకు తల్లిపాలతో పాటు పైతిండి మొదలుపెట్టమని డాక్టర్లు చెప్పేదీ ఆరు నెలలకే. అంటే వాడు నోరు తెరిచే రోజే నేను ల్యాప్‌టాప్ తెరవాలి. పుట్టింట్లో ఉండగానే నెలకు సరిపడా తిండి చేసి, గడ్డ కట్టించి, బెంగళూరుకు మోసుకుపోవాలని నిశ్చయించుకున్నాను. ఫోన్లో నలుగురు తల్లులు చేసి చూపించారు. వాళ్ళ వంటిళ్ళలో నలుసు లేదు. వాళ్ళ ఫ్రీజర్లలో పక్కింటివాళ్ళ సామాను లేదు.

మా అమ్మ ఫ్రీజర్‌లో ఉంది. మా వీధిలో నాలుగిళ్ళకు అది ఉమ్మడి ఆస్తి. ఎదురింటి వాళ్ళ జున్నుపాల సీసా, ఎవరికో జ్వరమొస్తే పట్టీ వేయడానికి పెట్టిన ఐసు, మా చిన్నాయన పొలానికని తెచ్చి ఎందుకు పెట్టాడో మర్చిపోయిన విత్తనాల పొట్లం. వాటన్నిటినీ ఒక మూలకు నెట్టి, నాలుగు ఐస్ ట్రేలు కొనుక్కొచ్చాను.

పద్ధతి కష్టమేం కాదు. క్యారెట్, గుమ్మడికాయ, యాపిలు విడివిడిగా ఆవిరికి ఉడికించి, మిక్సీలో మెత్తగా తిప్పి, ఆరనిచ్చి, ట్రేలో పోయాలి. ఒక్కో గడిలో రెండు చెంచాలు పడుతుంది. గట్టిపడినాక ఊడదీసి సంచిలో వేసి తారీఖు రాయాలి. ఉప్పు వద్దు, చక్కెర వద్దు, ఏడాది నిండేదాకా తేనె అసలు వద్దు. ఈ చివరి మాట దగ్గర అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. నేను పుట్టిన రోజే నా నాలుక మీద తేనె రాసిన మనిషి ఆవిడ. తేనెలో ఉండే ఒక రకం క్రిమి పసిబిడ్డ పేగుల్లో విషం పుట్టించగలదని చెప్పాను. "నీకు పుట్టించలేదే" అంది. తర్వాత ఒక క్షణం ఆగి, "యామో, ఆ నోటి దురుసు యాడ నుంచి వచ్చిందో" అంది.

సంచుల మీద కన్నడలో శుభ్రంగా రాశాను: క్యారెట్, 12వ తారీఖు. గుమ్మడి, 13. చూసుకుంటే బంగారు బిస్కెట్ల కొట్టులా ఉంది ఫ్రీజర్. దాన్ని ఫోటో తీసి అత్తగారికి పంపితే, "బాగుందమ్మా, ఇందులో ఉగ్గేదీ?" అని జవాబొచ్చింది.

మూడో రాత్రి కరెంటు పోయింది. ఆ చీకట్లో మా చిన్నాయన, ఆయన స్నేహితుడూ మిద్దె మీద కూర్చొని ఏదో చల్లగా తాగుతున్నారు. ఏమి తాగుతున్నారని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. ఐసు కోసం చిన్నాయన కిందికొచ్చి, ఫ్రిజ్జులో దీపం వెలగకపోతే తడుముకొని చేతికందిన రెండు గడ్డలు తీసుకుపోయాడు. పొద్దున్నే నా దగ్గరికొచ్చి, ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "పాపా, నిన్న రాత్రి నా గ్లాసు అడుగున గుమ్మడికాయ కనిపించె. నాకేమన్నా అయిందంటావా?"

ఆ భయంతో ఆయన పది రోజులు మిద్దెక్కలేదు. మా పిన్ని ఇప్పటికీ ఆ గుమ్మడి గడ్డలకు దండం పెడుతుంది.

గుమ్మడి, క్యారెట్ మీద నాకు ఫిర్యాదు లేదు. కరిగినాక కూడా అవి తొలిరోజు ఉన్నట్టే ఉన్నాయి, బిడ్డ కూడా లొట్టలేసుకుంటూ తిన్నాడు. నాకు చెడ్డపేరు తెచ్చింది రాగి. ఊరికే ఉంటే పోయేది. సరి కూడా కాచి ట్రేలో పోశాను. వారం తర్వాత ఒక గడ్డ తీసి గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళలో పెట్టాను. కరిగింది. పైన నీళ్ళు తేరుకున్నాయి, అడుగున తడి స్పంజి ముక్క లాంటిది కూర్చుంది. చెంచాతో నొక్కితే నీళ్ళు కక్కి మళ్ళీ పీల్చుకుంది. ఉడికిన పిండి నీళ్ళను తనలో పట్టుకొని ఉంటుంది, గడ్డ కట్టి కరిగే సరికి ఆ పట్టు వదిలేస్తుంది. ఆలుగడ్డదీ అదే గతి. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అవ్వకు గిన్నె చూడగానే తెలిసింది.

"ఇది బిడ్డకు పెట్టేదా, గోడకు పూసేదా?"

ఆ మధ్యాహ్నమే ఆవిడ సేరు రాగులు నానేసింది. నన్ను తిట్టలేదు, అదే భయమేసింది. రాత్రంతా నానిన రాగులను పొద్దున తడిగుడ్డలో మూట కట్టి, పైన గుండ్రాయి పెట్టింది. రెండో రోజుకు ఒక్కో గింజకూ చీమ కాలంత తెల్లటి మొలక. నీడలో పంచె పరిచి ఆరబోసింది. బాణలిలో సన్నమంట మీద వేయిస్తే ఇల్లంతా కమ్మటి వాసన, వీధి వీధంతా "సరికి వేయిస్తాండారా?" అని పలకరింపు. అరచేతులతో నలిపి, మొలకలు రాల్చి, చేటలో చెరిగింది.

తర్వాత పిండి మిషను. అక్కడికి అవ్వ నన్ను పంపలేదు, తనే పోయింది. ఎందుకంటే మనకు ముందు ఎవరో మిరపకాయలు ఆడించుకుని పోయి ఉంటే బిడ్డ గతేం కాను? పొద్దున్నే మిషను తెరవకముందే గడప దగ్గర కూర్చొని, తన రాగులు పట్టించుకునేదాకా ఒక్కరినీ లోపలికి అడుగు పెట్టనివ్వలేదట. మిరపకాయల మూటతో వచ్చినామె గంటసేపు నిలబడి తిట్టిపోయిందట.

చివరిది జల్లెడ. గిన్నె మూతికి పాత మెత్తటి పంచె బిగించి కట్టి, మీద గుప్పెడు పిండి పోసి అరచేత్తో గుండ్రంగా రుద్దింది. కింద గిన్నెలో పౌడరులా సన్నటి పిండి రాలింది, పైన పొట్టు మిగిలింది. రెండు గంటలు రుద్దింది. లేచి నిలబడితే మోచేతుల దాకా బూడిద పూసుకున్న జంగమయ్య. ఆ పిండి పాత హార్లిక్స్ సీసాలో పోసి మూత బిగించింది. లేబులు లేదు, తారీఖు లేదు. పసిపిల్లల తిండి డబ్బాల మీద బిడ్డ బొమ్మ వేయకూడదని మన దేశంలో చట్టం ఉంది. అవ్వ సీసా మీద ఆ చిక్కు కూడా లేదు.

కుతూహలం కొద్దీ చదివితే తెలిసింది, 1950లో మైసూరులో పెట్టిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వాళ్ళు కూడా మొలకెత్తించిన రాగులు, పెసలతో పిల్లల తిండి తయారుచేసి చూశారని. మొలక వచ్చేటప్పుడు గింజలో ఒక ఎంజైము పుట్టి పిండిపదార్థాన్ని కత్తిరిస్తుందట. అందుకని ఎక్కువ పిండి వేసి కాచినా జావ పలచగానే ఉంటుంది, బిడ్డ చిన్న పొట్టలోకి ఎక్కువ బలం పోతుంది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే క్యాల్షియం కూడానూ. ఇదంతా అవ్వకు వివరంగా చెప్పాను. చివరిదాకా విని, "మైసూరోళ్ళు గుండ్రాయి పెట్టినారంటనా?" అని అడిగింది.

బెంగళూరు ప్రయాణం. థర్మాకోల్ పెట్టెలో గుమ్మడి, క్యారెట్ గడ్డలు సర్ది, సందుల్లో ఐసు పోసి, టేపు చుట్టాం. సరి సీసాను అవ్వ నా చేతిసంచిలో చీరల మధ్య పెట్టింది. పేరేసంద్ర దగ్గర హైవే ఎక్కాం, చిక్కబళ్ళాపురం దాటాం, దేవనహళ్ళి దాటాం. అంతా లెక్క ప్రకారమే. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర లెక్క ఆగింది. ముప్పావు గంటలో మూడు లారీల పొడుగు కదిలాం. పెట్టె మూల నుంచి కాషాయరంగు చుక్క ఒకటి నా చెప్పు మీద పడింది. తర్వాత ఇంకొకటి. ముందు సీట్లో పెద్దాయన కాళ్ళు పైకి లాక్కుని, "ఏమ్మా, అందులో ఏముంది?" అన్నాడు. మా ఆయన నాకంటే ముందే, "మా వాడి భోజనమండీ" అన్నాడు. పెద్దాయన బిడ్డ వైపు చూసి, ఇంకేం అడగలేదు.

ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డ కట్టించకూడదు. చలి క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. ఇంటికి చేరేసరికి గడ్డలన్నీ నీళ్ళయి, వేసవి ఎండకు వేడెక్కి ఉన్నాయి. బిడ్డకు పెట్టే ధైర్యం లేకపోయింది. పెద్దవాళ్ళం కదా అని అంత గుమ్మడినీ మేమిద్దరం సాంబారులో వేసుకుని రెండు రోజులు తిన్నాం. పాడై ఉంటుందన్న భయంతో అరగంట సేపు ఉడికించాం. దాన్ని వంట అనడం కంటే ప్రాయశ్చిత్తం అనడం న్యాయం.

బిడ్డకు ఆ రాత్రి సరి కాచాను. రెండు చెంచాల పిండి, నీళ్ళు, ఉండ కట్టకుండా కలిపి సన్నమంట మీద ఐదు నిమిషాలు. గిన్నె నాకి, చెంచా కొరికి, మా ఆయన చొక్కా మీద కొంత తెనాలి వాటా పెట్టి నిద్రపోయాడు.

వారానికి అవ్వ ఫోను చేసింది.

"సరి ఎట్లుండాది?"

బెంగళూరులో వానలు మొదలయ్యాయి. పిండికి పురుగు పడుతుందేమోనని భయపడి సీసాను నేను ఎక్కడ పెట్టానో చెప్పడానికి ఒక్క క్షణం నోరు రాలేదు.

"ఫ్రీజర్‌లో ఉండాది అవ్వా."

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు.

"సరి" అంది.