తార్హియెల్ పతనము (టీకా తాత్పర్య విశేష సహితము)

అవతారిక

మహాకావ్యంలో నాయకుడు రంగం మీదికి రాకముందు పురవర్ణన జరగాలి, వంశవర్ణన జరగాలి, వీలుంటే ఒక చంద్రోదయం కూడా పడాలి. ప్రస్తుత నాయకుడికి ఇవేవీ దక్కలేదు. ప్రవేశం, నిష్క్రమణం రెండూ ఒక్క గీతలో, అదీ నిలువు గీతలో, జరిగిపోయాయి.

ఘట్టం ఇది. 2002లో బెథెస్డా వారు విడుదల చేసిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 3: మోరోవిండ్’ అనే గేమ్‌లో మనం ఖైదీగా ఓడ దిగుతాం. దిగే చోటు వార్డెన్‌ఫెల్ ద్వీపంలో సేడా నీన్ అనే చిత్తడి పల్లె. అక్కడి కచేరీలో మన పేరు, జాతి, వృత్తి, చివరికి జన్మరాశి కూడా రాసుకుంటారు. జాతకం చూడనిదే జైలు నుంచి కూడా వదలని లోకం కాబట్టి మనవాళ్ళకి అక్కడ పరాయితనం అనిపించదు. బాల్మోరా పట్నంలో ఫలానా ఆయనకి అందజేయమని ఒక పొట్లం చేతికిచ్చి పొమ్మంటారు. ఊరి చివర తాటిచెట్టంత పురుగు ఒకటి సవారీకి నిలబడి ఉంటుంది. డబ్బులిచ్చి అదెక్కినవాళ్ళకి ఈ కథ దొరకదు. నాలుగు కాసులు మిగులుతాయి కదా అని నడక దారి పట్టిన పిసినారులకే తార్హియెల్ దర్శనం.

ఊరు దాటి కాస్త దూరం పోగానే పైనుంచి కేక వినిపిస్తుంది. తలెత్తేసరికి ఒక మాంత్రికుడు ఆకాశంలోంచి వచ్చి దారి పక్కన పడతాడు. పడి, చస్తాడు. జాతికి బోస్మెర్, అనగా అడవి ఎల్ఫు. అంతకు మించి గోత్రప్రవరలు తెలియవు.

ఇంతమాత్రానికి వ్యాఖ్యానం కావాలా అంటే, మెదక్ సీమ కొల్చారం మనిషి మల్లినాథసూరి వ్యాఖ్యాతలకి ఒక నియమం పెట్టాడు: మూలంలో లేనిది రాయరాదు, అక్కర్లేనిది చెప్పరాదు. అందులో మొదటి సగం శిరోధార్యం. రెండో సగం కూడా పాటిస్తే ఈ టీక ఇక్కడితో ఆగిపోతుంది కాబట్టి దాన్ని పెద్దల పట్ల గౌరవంతో పక్కన పెట్టడమైనది.

మూలము

ఆ————!

ప్రతిపదార్థము

ఆ———— = ఆ————.

టీక

నాయకుడి వాఙ్మయమంతా ఈ ఒక్క అచ్చే. మోరోవిండ్‌లో పాత్రలు చాలావరకు అచ్చువేసిన అక్షరాల్లో మాట్లాడతాయి, మనం చదువుకోవాలి. రాజులకీ, దేవుళ్ళకీ కూడా ఎక్కువగా చదివించుకునే గతే పట్టిన చోట, ఈ అనామకుడికి నోరిచ్చారు. ఇచ్చింది దీనికోసం.

ఇక వ్యాకరణం. ఇది హ్రస్వం కాదు, దీర్ఘం కాదు, మూడు మాత్రలు దాటిన ప్లుతం. దూరాన ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు స్వరం ప్లుతమవుతుందని పాణినీయం. కాబట్టి ఇది ఏడుపు కాదు, సంబోధన. మనల్ని పిలుస్తున్నాడు. దూరం ఆట్టే మిగల్లేదన్నది వేరే మాట.

ఆంధ్ర వైయాకరణులు ఒప్పుకోరు. ‘ఆ’ త్రికాల్లో ఒకటి. ‘ఆ కొండ’, ‘ఆ మబ్బు’ అన్నట్టు ఏదో చూపించబోయాడు, విశేష్యం నోట్లో ఉండగానే నేల వచ్చింది అంటారు. ఈ పక్షంలో ఒక సౌకర్యం ఉంది. త్రికానికి పరమైనది నేల కాబట్టి హల్లుకి ద్విత్వం, ముందున్న దీర్ఘానికి హ్రస్వం: ఆ + నేల = అన్నేల. దీర్ఘం హ్రస్వమైపోవడం ఇంత స్పష్టంగా కనబడే ఉదాహరణ బాలవ్యాకరణం చదివే పిల్లలకి మరొకటి దొరకదు. సంధి మాత్రం వైకల్పికం కాదు, నిత్యం. ఎన్నిసార్లు ఆడినా జరుగుతుంది.

తాత్పర్యము

కింద పడుచున్నాడని భావము.

రెండవ మూలము

శవం దగ్గర కూర్చుని జేబులు వెతకడం ఈ గేమ్‌లో తప్పు కాదు, అలవాటు. దొరికేవాటిలో ముఖ్యమైనవి రెండు: ఒక దినచర్య పుస్తకం, ‘ఇకేరియన్ ఫ్లైట్’ అనే మంత్రం రాసిన స్క్రోళ్ళు మూడు. దినచర్యలో ఉన్నది ప్రయోగానికి ముందటి ఉత్సాహం. ప్రయోగం తర్వాతి పేజీ లేదు. పరిశోధకులు దాన్ని ‘గ్రంథపాతం’ అంటారు. ఇక్కడ పాతం అక్షరాలా జరిగింది.

టీక

ఇకేరియన్, అనగా ఇకారస్ సంబంధమైనది. గ్రీకుల పురాణంలో డెడాలస్ అనే శిల్పి మైనంతో ఈకలు అతికించి తనకీ కొడుకు ఇకారస్‌కీ రెక్కలు చేస్తాడు. కొడుకు సూర్యుడి దగ్గరికి పోతాడు, మైనం కరుగుతుంది, సముద్రంలో పడి చనిపోతాడు. మనకి సంపాతి ఉన్నాడు: తమ్ముడు జటాయువుతో పందెం కట్టి సూర్యుడి దాకా ఎగిరి, తమ్ముడికి రెక్కలు అడ్డుపెట్టి, తన రెక్కలు కాల్చుకుని వింధ్య మీద పడ్డవాడు. అయితే సంపాతి బతికాడు. బతికి, వానరులకి సీత జాడ చెప్పి, మళ్ళీ రెక్కలు తెచ్చుకున్నాడు. రాసినవాళ్ళు సంపాతిని ఎరిగి ఉంటే తార్హియెల్ కూడా కాలు విరిగి ఆ దారి పక్కన కూర్చుని బాల్మోరాకి దోవ చెబుతూ ఉండేవాడేమో.

శంక: ఆ లోకంలో గ్రీసు దేశమే లేదు కదా, ఇకారస్ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? సమాధానం: అది పాత్రకి చెప్పిన పేరు కాదు, పాఠకుడికి చేసిన సైగ. వ్యాధి పేరు మందు సీసా మీదే రాసిపెట్టారు. చదవగలిగినవాడు మనిషి లోకంలో ఉన్నాడు, తాగినవాడు ఎల్ఫుల లోకంలో ఉన్నాడు.

మంత్రం చేసే పని ఏమిటో ఇప్పుడు చూడవలెను, ఎందుకంటే ప్రకరణానికి గుండెకాయ ఇదే. పేరులో ఎగరడం ఉన్నా ఇది ఎగిరే మంత్రం కాదు. మోరోవిండ్‌లో గాలిలో తేలడానికి లెవిటేషన్ అని వేరే మంత్రం ఉంది, నింపాదిగా పైకి పోయి నింపాదిగా దిగవచ్చు. తార్హియెల్‌ది గెంతే మంత్రం. ఆక్రొబాటిక్స్ అనే స్కిల్ మీద రెండు ఆధారపడతాయి: ఎంత ఎత్తు దూకుతాం, పడితే ఎంత దెబ్బ తగులుతుంది. సాధన చేసి పెంచుకుంటే ఆ స్కిల్ 100 దాకా వస్తుంది. ఈ స్క్రోల్ చదివితే దానికి మరో 1000 కలుస్తాయి. ఏడు సెకన్ల పాటు.

ఏడు సెకన్లు! ఇక్కడ వ్యాఖ్యాత కలం ఆగుతుంది. హనుమంతుడిలాగా ఒక్క గెంతు వేస్తే ద్వీపం ఈ పక్క నుంచి ఆ పక్కకి కిందనుంచి జారిపోతూ ఉంటుంది; ఊళ్ళూ కొండలూ అందుకోలేక పాత కంప్యూటర్లు ‘లోడింగ్’ అంటూ నడుమ నడుమ ఆయాసపడతాయి. అంత ఎత్తుకి పోయి రావడానికి ఏడు సెకన్లు చాలవు. పైన ఉండగానే గడువు తీరుతుంది. పాదం నేలకి తగిలే క్షణాన స్కిల్ ఎంత ఉందో దాన్నిబట్టి దెబ్బ లెక్క కడతారు. ఆ క్షణాన అతను మళ్ళీ మామూలు తార్హియెల్. ఎక్కినవాడు ఒకడు, దిగినవాడు ఇంకొకడు అని అద్వైతులు కాని వారెవరైనా ఒప్పుకోవాలి.

మంత్రదోషం లేదు. మంత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. వెయ్యి అంది, ఇచ్చింది. ఏడు అంది, ఏడవగానే వెళ్ళిపోయింది. కాలనియమం ఇంత నిక్కచ్చిగా పాటించే విద్య లోకంలో అరుదు.

శంక: పడుతున్నప్పుడు చేతిలో ఇంకా మూడు స్క్రోళ్ళు ఉన్నాయి కదా? నేల దగ్గర పడుతుండగా రెండోది చదివితే స్కిల్ మళ్ళీ వెయ్యి దాటేది, చీమ దిగినంత సుఖంగా దిగేవాడు. ఎందుకు చదవలేదు?

సమాధానం: ఈ శంక వేసేది ఎప్పుడూ ఆటగాడే. మనం సంచీ తెరిస్తే ఈ గేమ్‌లో కాలం ఆగుతుంది. నడిగాలిలో, నేలకి రెండు బారల ఎత్తున ఆగి, పండు కోసుకు తిన్నట్టు స్క్రోల్ ఎంచుకుని మళ్ళీ పడవచ్చు. తార్హియెల్‌కి ఆ వరం లేదు. అతని కాలం అతనితో పాటే పడుతోంది. చావుని తప్పించే మందు మూడు మోతాదులు నడుముకి కట్టుకుని చచ్చినవాడని నవ్వేవారు, తాము మొదటిసారి ఆ స్క్రోల్ చదివి ఎక్కడ పడ్డారో ముందు చెప్పవలెను. దాదాపు అందరూ అతని దారినే పోయారు. కాకపోతే వాళ్ళ జేబులో ఇంకా రెండే ఉన్నాయి.

విశేషము

పడే ముందు అతను ఎక్కడున్నాడు? ఆటగాడు దగ్గరికి వస్తేనే ఈ పతనం మొదలవుతుంది. మీరు ఊళ్ళో పది రోజులు కాలక్షేపం చేసి వెళ్ళినా సరిగ్గా మీ నెత్తిమీదికే వస్తాడు. అంతవరకు విశ్వామిత్రుడు నిలిపిన త్రిశంకుడిలా ఎక్కడో అంతరాళంలో ఉన్నట్టే లెక్క. త్రిశంకుడికి స్వర్గం ఇచ్చారు, ఇతనికి మన నడక వేగం ఇచ్చారు. ఈ సంగతి తెలిశాక ఆ దారిలో నడవడానికి కాస్త బెరుకుగానే ఉంటుంది, ఒప్పుకోవాలి.

అదే పల్లె పొలిమేరలో మరో శవం ఉంది. ప్రొసెసస్ విటెలియస్ అనే పన్ను వసూలుదారుణ్ణి ఎవరో చంపి పారేశారు. ఒంటి మీద 200 కాసులు, వసూళ్ళ చిట్టా. ఆ చావుకి విచారణ ఉంది, హంతకుణ్ణి మట్టుబెడితే బహుమానం ఉంది. తార్హియెల్ గురించి ఊళ్ళో ఒక్క అధికారీ మనకి పని అప్పజెప్పడు. పన్ను ఎగ్గొట్టినా రాజ్యానికి చింత, మనిషి ఆకాశంలోంచి ఊడిపడితే లేదు. వ్యాఖ్యాతకి రాజకీయాలతో పనిలేదు కాబట్టి ఇంతటితో విడుస్తున్నాను.

రసనిర్ణయము

కేక వినగానే అద్భుతం. శరీరం నేల తాకినప్పుడు కరుణం. అది అర నిమిషం నిలిచినా గొప్పే. దినచర్య చదవగానే హాస్యం. ఆ తర్వాత మూడు స్క్రోళ్ళూ తీసి మన సంచీలో వేసుకుంటామే, ఆ క్షణానికి తొమ్మిది రసాల్లో చోటు లేదు. భరతుడు శవాల జేబులు వెతికే ఆటలు చూడలేదు. దీనికి స్థాయీభావం ‘మనకి పనికొస్తుంది’ అని స్థూలంగా నిర్ణయించుకోవచ్చు.

సంప్రదాయ విచ్ఛిత్తి

తార్హియెల్‌కి శిష్యపరంపర లేకపోయింది. 2006లో వచ్చిన ‘ఆబ్లివియన్’లో లెవిటేషన్ పోయింది, పట్నాలు గోడల లోపల వేరుగా లోడయ్యే ఏర్పాటు కాబట్టి ఎవరూ పైనుంచి తొంగిచూడకూడదు. 2011 నాటి ‘స్కైరిమ్’కి వచ్చేసరికి ఆక్రొబాటిక్స్ అనే స్కిల్లే ఎత్తేశారు. ఆకాశానికి దారి మూసి, కొండలు మాత్రం ఇంకా పెద్దవి పెట్టారు. తర్వాతి తరాలకి పడే అవకాశం లేదు. ఆ మాటకొస్తే గెంతే అవకాశమూ లేదు. ఈ టీకాకారుడి దృష్టిలో ఇది లాభసాటి బేరం కాదు.

ప్రయోగవిధి

మిగిలిన మూడు స్క్రోళ్ళ వినియోగంలో రెండు పక్షాలున్నాయి. ప్రాచీనుల మతం: ఒకటి గెంతడానికి, ఒకటి దిగడానికి; మూడోది జత లేని బేసి కాబట్టి దాన్ని సముద్రం వైపు తిరిగి చదవవలెను. ఈ ద్వీపంలో నీళ్ళల్లో పడితే ఎంత ఎత్తు నుంచి పడినా దెబ్బ తగలదు. ఇకారస్‌ని మింగిన సముద్రమే ఇక్కడ కాపాడుతుందని వారు ముచ్చటపడతారు.

నవ్యులు దీన్ని ఖండించారు. రెండో స్క్రోల్ నేల ఇంకొక్క క్షణం ఉందనగా చదివితే, దిగాక కూడా ఏడు సెకన్లలో సగానికి పైగా మిగులుతుంది. ఆ మిగులుతోనే మళ్ళీ గెంతి, మూడోదాంతో దిగవచ్చు. మూడు స్క్రోళ్ళు, రెండు గెంతులు, పోను ఒకటి రాను ఒకటి, బేసి అన్న ప్రశ్నే లేదు. లెక్క సరిగానే కనబడుతోంది. పరీక్షించదలచినవారు ముందుగా గేమ్ సేవ్ చేసుకోవలెను.