రాళ్ల చదువు

మా ఊరు అనంతపురం జిల్లా. "ఏం చదువుతాండావప్పా?" అని ఎవరడిగినా "జియలాజికల్ ఇంజనీరింగ్" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి. ఆ మాట విన్న ఎదురింటాయన మర్నాడు తెల్లారేసరికి మేత ముట్టని ఎనుమును తోలుకొచ్చి మా వాకిట్లో కట్టేశాడు. జువాలజీ వేరు, జియాలజీ వేరు అని నేను వివరించేలోగా అది మా అవ్వ ఆరబోసిన జొన్నలు శుభ్రంగా మేసి, తన రోగం తానే కుదుర్చుకుంది. ఊళ్లో నాకు పేరొచ్చింది.

కాలేజీలో చదువు బలపంతో మొదలైంది. ఖనిజాల గట్టిదనం కొలవడానికి మోస్ అనే జర్మన్ పెద్దాయన పది మెట్లు పెట్టాడు. పదో మెట్టు మీద వజ్రం, మొదటి మెట్టు మీద టాల్క్, అంటే మన బలపంరాయి. గోటితో గీకినా గీత పడుతుంది. తర్వాతి వారం ప్రాక్టికల్స్‌లో సారు ఒక మెత్తటి రాయి విరిచి, చిన్న పలుకు పంటి కింద వేసుకుని, "కరకరమంటే సిల్ట్, జారిపోతే క్లే" అన్నారు. క్లాసంతా నమిలాం. చిన్నప్పుడు బలపాలు తిన్నందుకు మా అవ్వ వీపు మీద వాయించింది. ఇక్కడ అదే పనికి పది మార్కులు.

మూడో ఏడు డ్రిల్లింగ్ కోర్లు పరిచయమయ్యాయి. డ్యామో సొరంగమో కట్టాలంటే ముందు నేలలోకి బోరు దించి, రాతిని చెరుకు గడల్లా బయటికి తీసి, పెట్టెల్లో వరసగా పేర్చుతారు. అందులో 10 సెంటీమీటర్లు దాటిన ముక్కలన్నీ కూడి, తవ్విన పొడవుతో భాగిస్తే రాతి నాణ్యత శాతం వస్తుంది. ఆర్‌క్యూడీ అంటారు. 1960లలో డీర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క. 90 దాటితే ఎక్సలెంట్, 25 లోపైతే వెరీ పూర్. నా మొదటి ఇంటర్నల్స్‌ను ఆ కొలతతో చూస్తే నా మీద పిట్టగోడ కూడా కట్టకూడదు. అలాంటి నేను ఒకరోజు నిండు పెట్టె ఎత్తబోయి జారవిడిచాను. నిక్షేపంలాంటి గ్రానైట్ నాలుగు ముక్కలైంది. "ఏం పర్లేదు, నీ చేతిలో విరిగింది లెక్కలోకి రాదు. అతికించి ఒకటే ముక్కగా కొలువు" అన్నారు సారు. ఇంత దయగల సబ్జెక్టు ఇంకొకటి ఉంటుందనుకోను.

ఫీల్డ్ ట్రిప్‌కి తిరుమల తీసుకెళ్లారు. ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట కింద పాత గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా కడప క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య గీతలో పదుల కోట్ల ఏళ్లు మాయమైపోయాయి. జాతీయ భూవైజ్ఞానిక స్మారకం అది. మేం గీత మీద చేయి ఆనించి నోరు తెరుచుకుని నిలబడ్డాం. నడిచి వెళ్తున్న భక్తులు కొందరు ఆగి, మమ్మల్ని చూసి, వాళ్లూ ఆ రాయిని తాకి కళ్లకద్దుకుని "గోవిందా" అన్నారు. ఒకావిడ కుంకుమ పెట్టింది. మా సారు చెరిపించలేదు.

సెలవులకు డైల్యూట్ యాసిడ్ సీసాతో ఇంటికొచ్చాను. వంటింటి కడప బండ మీద చుక్క వేస్తే బుసబుసమని పొంగింది. "అవ్వా, ఇది సున్నపురాయి!" అని అరిచాను. "చింతపులుసు పడినచోటల్లా వెలిసిపోతాంటే నాకు తెలీదా? ముందు ఆ మచ్చ తుడువు" అంది.

అసలు పరీక్ష తాత పెట్టాడు. చేలో బోరు వెయ్యాలి. సుత్తి, బ్రంటన్ కంపాస్ పట్టుకుని రెండు రోజులు తిరిగాను. చేనుకు అడ్డంగా నల్లగుండ్ల వరస ఉంది. అది డోలరైట్ డైక్. నేల లోపల కట్టలా నిలబడి, ఎగువ నుంచి వచ్చే నీటిని ఆపుతుంది. ఎగువ పక్కన కొయ్య పాతాను. తాత తల ఊపి, కొబ్బరికాయ చూసే ఆయనకు కూడా కబురు పెట్టాడు.

ఆయన అరచేతిలో కాయ పెట్టుకుని, కళ్లు అరమోడ్చి, చేనంతా నడిచాడు. నా కొయ్యకు సరిగ్గా పదడుగుల దూరంలో కాయ నిట్టనిలువుగా లేచింది. నాకు తల తిరిగింది. పక్కకు పిలిచి అడిగాను.

"గుండ్లకు ఎగువనే కదా నాయనా ఎప్పుడూ లేసేది" అన్నాడు మెల్లగా. "నీకు చెప్పలేదా కాలేజీలో?"

తాత ఇద్దరికీ మాట రాకుండా నడిమధ్య బోరు వేయించాడు. 210 అడుగులకు రెండించుల నీళ్లు పడ్డాయి. ఆయనకు పంచె, 1,116 రూపాయలు ఇచ్చి దండం పెట్టాడు.

నాకు కొబ్బరికాయ ఇచ్చాడు.